పిడుదునకు లొంగని పశువు



ఒకే మంద, ఒకే బీడు, ఒకే కాపరి. అయినను సాయంకాలము పశువులు కొట్టము చేరిన పిమ్మట చేయివైచి తడవి చూచినచో, ఒక ఆవునకు చెవుల మొదళ్లయందును, గంగడోలు మడతలలోను, పొదుగు చుట్టును పిడుదులు ఆముదపు గింజలవలె గుత్తులు గుత్తులుగా అంటియుండును. దాని ప్రక్కనే మేసిన మఱియొక ఆవు మేన వెదకి వెదకి చూచినను నాలుగైదు మాత్రమే కనబడును. కొందఱు పిడుదు అనియు, కొందఱు గోమారి అనియు పిలుచు ఈ ప్రాణిని ఎఱుగని కాపువాడు లేడు. ఈ భేదమును గమనింపని కాపువాడును లేడు. "దాని ఒంటితీరు అంతే" యని చెప్పి మనవారు ఊరకుండిరి.

ఆ ఒంటితీరు ఎట్టిది? పుట్టుకతో వచ్చినదా, పెరిగి సంపాదించుకొన్నదా? ఈ ప్రశ్నకు ఉత్తరము రాబట్టుటకు దూరదేశముల పండితులకు దాదాపు నూఱేండ్లు పట్టినది. లక్షల పశువులు చచ్చిన తరువాత గాని ఆ ప్రశ్నను అడుగవలెనను బుద్ధియు వారికి పుట్టలేదు. ఆ చరిత్రయే నేటి ప్రసంగమునకు విషయము. అందు మన ఒంగోలు జాతికిని భాగము కలదు గనుక, వినుట మనకు అవసరము కూడ.

మొదట శత్రువు నెఱుగవలెను. పిడుదు పురుగులలోనిది కాదు. సాలీటికిని తేలునకును చుట్టము. పెరిగినదానికి ఎనిమిది కాళ్లు; గ్రుడ్డునుండి వెడలిన పిల్లకు ఆఱే కాళ్లు. పశువులను పట్టు పిడుదులలో పెక్కు జాతులు కలవు. మన కథకు ముఖ్యమైన జాతి తన బ్రతుకునంతను ఒకే పశువు మీద గడపునది. పచ్చిక కొనల నంటియుండి, పశువు రాగానే పిల్ల పైకెక్కును. అక్కడనే రెండుమాఱులు కుబుసము విడిచి, జతకూడి, సుమారు మూడు వారములలో నెత్తురు త్రాగి ఉబ్బి నేల రాలును. ఆడుది ఒక్కటి 2,000 మొదలు 3,000 వఱకు గ్రుడ్లు పెట్టి చచ్చును. పొదుగునే అంటియుండియు పాల నెఱుగక నెత్తురునే కోరు ఈ ప్రాణి, త్రాగిన నెత్తురుతో తృప్తినొందక, తన లాలాజలముతో పాటు రోగబీజములను కూడ పశువు దేహమున చొప్పించును. గొప్ప నాశనము ఈ రెండవ పని వలననే కలిగినది.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో దక్షిణపు కొననున్న టెక్సస్ దేశమునుండి పశువులను ఉత్తరమునకు తోలి అమ్ముట ఒక పెద్ద వర్తకముగా నుండెను. 1868వ సంవత్సరమున ఆ పశువులను పడవలమీద మిసిసిపీ నదివెంట ఇల్లినాయ్ రాష్ట్రమునకు చేర్చిరి. వచ్చిన పశువులు కలకలలాడుచు ఆరోగ్యముగా నుండెను. కాని అవి నడచిన త్రోవలలో మేసిన స్థానిక పశువులు తీవ్రజ్వరముతో ఎఱ్ఱనిమూత్రము విడుచుచు వేలకొలది కూలిపోయెను. రోగము తెచ్చినవానికి రోగము లేదు. ఏ పాపము నెఱుగనివి చచ్చుచున్నవి. ఈ వింత ఎవరికిని బోధపడలేదు. పశువులు తోలువారిలో కొందఱు "ఇది పిడుదుల పని" యనిరి. చదువుకొన్నవారు వారి మాటను నవ్వి త్రోసివేసిరి.

పామరుల మాటను పరీక్షింపక త్రోసివేయరాదని తలచినవాడు థియొబాల్డ్ స్మిత్ అను వైద్యపండితుడు. ఆయనయు, కిల్బోర్న్ అను పశువైద్యుడును, పిడుదు జీవితచక్రమును తెలిసిన కూపర్ కర్టిస్ అను మఱియొకడును ప్రభుత్వ పశుశాఖయందు పనిచేయుచు, 1889లో వాషింగ్టన్ నగరసమీపమున కంచెలు కట్టి పశువులను విడదీసి ఉంచిరి. ఒక కంచెలో దక్షిణదేశపు పశువులను పిడుదులతోనే విడిచి, వానితో ఉత్తరదేశపు పశువులను మేపిరి. వేఱొక కంచెలో దక్షిణదేశపు పశువుల మేనినుండి పిడుదుల నన్నింటిని చేతులతో ఏఱివేసి అట్లే మేపిరి. మొదటి కంచెలోని ఉత్తరదేశపు పశువులు జ్వరమున పడెను. రెండవ కంచెలోనివి సుఖముగా నుండెను. పిమ్మట దక్షిణపు పశువు ఒక్కటియు లేకుండ బీటిలో పిడుదులను మాత్రమే చల్లి చూచిరి. అప్పుడును జ్వరము వచ్చెను. నెత్తురులోని ఎఱ్ఱకణములలో దూరి వానిని పగులగొట్టు సూక్ష్మజీవిని స్మిత్ కనుగొనెను. బాబేసియా యని దానికి నేటి పేరు. తల్లిపిడుదునుండి గ్రుడ్ల ద్వారమున అది పిల్లపిడుదులకు సంక్రమించునని కూడ తేలెను. ఈ పరిశోధన 1893లో అచ్చయ్యెను. నెత్తురు త్రాగు చిన్నప్రాణియే రోగమును మోయునని నిస్సందేహముగా చూపిన తొలి పనులలో ఇది యొకటి. నాలుగేండ్ల తరువాత, 1897 ఆగస్టు 20వ తేదీన, మన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా జీవిని చూచుట యీ త్రోవలోనే మఱియొక గొప్ప మజిలీ.

ఇక దక్షిణపు పశువులు ఏల చావలేదు? ఇచట రెండు విషయములను వేఱుపఱచి తెలిసికొనవలెను. జ్వరమును తట్టుకొనుట ఒకటి. పిడుదునే తట్టుకొనుట మఱియొకటి. పిడుదులున్న నేలమీద పుట్టిన దూడకు పసితనముననే ఆ ఎఱ్ఱమూత్రపు జ్వరబీజము సోకును. ఆ వయస్సున దాని దేహమునకు సహజమైన రక్షణ కలదు గనుక జ్వరము తేలికగా పోయి, పిమ్మట చిరకాలము ఆ రోగము బాధింపదు. పెరిగిన పశువునకు మొదటిసారిగా సోకినచో ప్రాణాంతకమగును. టెక్సస్ పశువుల రహస్యము ఇదియే. అవి జ్వరమునకు లొంగకుండెను గాని పిడుదులను మాత్రము మోయుచునే యుండెను. పిడుదును సైతము నిలువనీయని పశువుల కథ వేఱొక ఖండమున బయలుపడినది.

అమెరికావారు ఎన్నుకొన్న మార్గము పిడుదును నిర్మూలించుట. 1906లో ఆరంభించి, దక్షిణ రాష్ట్రములలోని పశువుల నన్నింటిని పాషాణము కలిపిన తొట్లలో మాటిమాటికి ముంచిరి. కొన్నిచోట్ల రైతులు కోపించి ఆ తొట్లను మందుగుండుతో పగులగొట్టిరి. అయినను ప్రభుత్వము పట్టు విడువలేదు. 1943 నాటికి మెక్సికో సరిహద్దున ఒక సన్నని పట్టీ తప్ప దేశమంతయు శుభ్రమయ్యెను. ధనబలమును, చలికాలపు మంచును, కఠినశాసనమును తోడుగా నుండుటచేత అది సాధ్యమైనది. అవి లేనిచోట?

లేనిచోట ఆస్ట్రేలియా. 1872లో జావాద్వీపమందలి బటేవియానుండి డార్విన్ రేవునకు దిగిన పశువులతో పిడుదు ఆ ఖండమున కాలుపెట్టినది. ఇరువదియేండ్లలో అది క్వీన్స్‌లాండ్ చేరెను. వెనువెంటనే జ్వరమును చేరెను. ఆ దేశపు మందలు ఇంగ్లండునుండి వచ్చిన షార్ట్‌హార్న్, హెరిఫర్డ్ జాతులవి. పిడుదు నెఱుగని చలినేలలలో తరతరములుగా పెరిగినవి. అవి విరివిగా చచ్చెను. కోలుకొన్న పశువుల నెత్తురును కొంచెము ఇతర పశువులకు ఎక్కించి జ్వరమునుండి కాపాడు పద్ధతిని 1890ల చివరనే అక్కడివారు కనిపెట్టిరి. ప్రాణములు కొన్ని నిలిచెను గాని పిడుదు తగ్గలేదు. నెత్తురు త్రాగుట మానలేదు, తోలు చెఱచుట మానలేదు, పాలు ఎండగొట్టుట మానలేదు.

అట్టి కాలమున, 1918లో, జాన్స్‌టన్, బాన్‌క్రాఫ్ట్ అను ఇరువురు క్వీన్స్‌లాండ్ విద్వత్సభ పత్రికలో ఒక వ్యాసము ప్రకటించిరి. పిడుదులు క్రమ్మిన మందలో కూడ కొన్ని పశువులు పిడుదులను నిలువనీయవని వారు చెప్పిరి. మన కాపువాడు "ఒంటితీరు" అని యూరకుండిన విషయమునే వారు శాస్త్రము దృష్టికి తెచ్చిరి. అయినను చాలకాలము ఆ మాటకు తగిన ఆదరము దొరకలేదు. తొట్లలో ముంచుట సులభమై తోచెను. పశువును ఎంచుకొనుట ఆలస్యమై తోచెను.

1933లో ఆ దేశపు శాస్త్రపరిశోధన సంస్థవారును, కొందఱు పశుస్వాములును కలిసి అమెరికానుండి మూపురముగల పశువులను కొన్నింటిని తెప్పించిరి. ఇంగ్లీషు జాతుల నెత్తురు చెడునని ఎదిరించినవారు పలువురు. ఆ మూపురపు పశువులు ఎవరివి? అమెరికాలో బ్రాహ్మన్ అని పేరుపెట్టిన ఆ జాతి మన దేశపు కాంక్రేజ్, గిర్, ఒంగోలు, కృష్ణాలోయ జాతుల కలయికవలన ఏర్పడినది. అనగా మన బీళ్లలో పుట్టిన రక్తము రెండు మహాసముద్రములు దాటి ఆస్ట్రేలియా చేరెను. పీడ ఆసియానుండియే పోయినది. దానికి విఱుగుడును ఆసియానుండియే పోయినది.

సంకరజాతి దూడలు పెరిగి మందలలో మేయ నారంభించిన పిమ్మట భేదము కంటికి కట్టినట్లు తెలియవచ్చెను. 1950ల తరువాత రాక్‌హాంప్టన్ నగరసమీపమున బెల్మాంట్ అను క్షేత్రమునందును, ఇతర చోట్లను పండితులు పశువుల ఒక ప్రక్కనున్న పిడుదులను చేతులతో లెక్కించి వ్రాసికొనుచు ఏండ్లతరబడి పరీక్షలు చేసిరి. లెక్కపెట్టిన పిడుదుపిల్లలను పశువుమీద వదలి, వానిలో ఎన్ని పెరిగి రాలినవో చూచుట వారి పద్ధతి. బ్రాహ్మన్ పశువు మీద వదలిన 100 ఆడుపిల్లలలో ఒకటి రెండు మాత్రమే పెరిగి గట్టెక్కును. ఐరోపా జాతులమీద పది, పదునైదు, ఒక్కొక్కచో అంతకు మించియు గట్టెక్కును. ఒక్క ఆడుదానికి వేల గ్రుడ్లు గనుక ఈ చిన్నభేదమే బీటిలో ఎంత పెద్దదగునో పెద్దలు ఊహింపగలరు.

ఇప్పుడు మూలప్రశ్నకు వత్తము: ఇది పుట్టుకయా, అభ్యాసమా? 1939లో విలియం ట్రేగర్ అను అమెరికను పండితుడు చిన్న ప్రాణులైన గినీపందులమీద పరీక్షించి, ఒకసారి పిడుదుకాటు తిన్న జంతువుమీద రెండవసారి వదలిన పిడుదులు సరిగా పెరుగవని చూపెను. 1962 నాటికి ఆస్ట్రేలియాలో రీక్ అను పండితుడు పశువులయందు దీనినే తేటపఱచెను. ఆయన చూపినది మిక్కిలి విశేషమైన విషయము: పిడుదును ఎన్నడు నెఱుగని మూపురపు పశువు సైతము మొదటిసారి పిడుదులకు లొంగిపోవును. కొన్ని కాట్లు తిన్న తరువాతనే దాని దేహము ఎదురుతిరుగును. ఐరోపా పశువును ఎన్ని కాట్లు తిన్నను అంతగా ఎదురుతిరుగదు.

నేను బడిపంతులుగా బ్రతికినవాడను గనుక నాకు తోచిన ఉపమానము చెప్పెదను. బిడ్డకు బుద్ధి పుట్టుకతో వచ్చును, అక్షరములు రావు. బుద్ధి యున్నను అక్షరాభ్యాసము లేనిదే చదువు లేదు. అక్షరాభ్యాసము చేయించినను అందఱును ఒక్కతీరున చదువరు. పిడుదును తిరుగగొట్టు విద్యయు ఇట్టిదే. నేర్చుకొను శక్తి వంశమున వచ్చును. నేర్చుట మాత్రము ప్రతి పశువును తన తోలుమీదనే నేర్వవలెను.

ఆ విద్య తోలులో ఎట్లు పనిచేయును? పిడుదు కఱచునప్పుడు నెత్తురు గడ్డకట్టకుండను, నొప్పి తెలియకుండను, దేహపు కావలివాండ్రు మేలుకొనకుండను చేయు ద్రవ్యములను లాలాజలముతో ఎక్కించును. అది దొంగ చల్లు మత్తుమందు వంటిది. లొంగని పశువు దేహము మాత్రము ఆ ద్రవ్యములను ఆనవాలు పట్టి యుంచుకొనును. మరల కాటు పడగానే తోలులోని కణములు కొన్ని హిస్టమిన్ మొదలగు పదార్థములను విడుచును. ఆ చోట వాచి, దురద పుట్టి, నీరువంటి రసము ఊరును. చిన్నపిల్లపిడుదు అక్కడ నిలువజాలదు; పెక్కులు మొదటి దినముననే పట్టు వదలును. దురద పుట్టుటచేత పశువు నాలుకతో నాకి తక్కినవానిని కూడ ఊడ్చివేయును. నాకకుండ మెడకు అడ్డుగట్టి చూచినప్పుడు అదే పశువుమీద పిడుదులు హెచ్చుగా బ్రతికినవని ఆస్ట్రేలియా పరీక్షలలో తేలెను. పొట్టియై నున్ననైన వెండ్రుకయు ఇందుకు తోడ్పడును. కావున ఆవు తన్ను తాను నాకుకొనుచున్నచో విసుగుకొనకుడు. అది దాని ఆయుధము.

ఈ బలము ఎల్లకాలము ఒక్కరీతిగా నుండదు. కఱవున మేత చాలనప్పుడును, ఈనిన తరువాత పాలిచ్చు దినములలోను తగ్గును. సామాన్యముగా ఆవులకంటె ఆబోతులకు తక్కువ. అయినను తల్లిదండ్రులనుండి సంతానమునకు ఇది వచ్చుననుటకు సందేహము లేదు. క్వీన్స్‌లాండ్‌లో ఇల్లవారా షార్ట్‌హార్న్ అను పాడిజాతిలోనే పిడుదులు తక్కువ పట్టు ఆవులను, ఆబోతులను ఎంచి తరతరము కలిపినచో, ఆ ఐరోపా జాతియు క్రమముగా బలపడెను. ఎంచుకొను కన్ను ఉన్నచో ఏ జాతిలోనైనను కొంత సాధింపవచ్చునని దీనివలన తెలియుచున్నది.

మందుల చరిత్ర దీనికి విరుద్ధముగా నడచినది. పాషాణమును 1930లలో ఆస్ట్రేలియా పిడుదులు జయించెను. పిమ్మట వచ్చిన డి.డి.టి.ని 1950లలో జయించెను. ఆ తరువాతి మందులను కూడ ఒకదాని వెంట నొకటిగా జయించుచు వచ్చెను. 1990లలో ఆస్ట్రేలియాలోను, క్యూబాలోను పిడుదు ప్రేగులలోని మాంసకృత్తుతో చేసిన టీకా బయలుదేరెను. టీకా వేసిన పశువు నెత్తురు త్రాగినచో పిడుదు కడుపే చెడును. అది మేలైన ఉపాయమే గాని ఒంటరిగా చాలినది కాదు. మందు నెంత త్వరగా జయించెనో, లొంగని పశువు తోలును పిడుదు అంత త్వరగా జయించిన జాడ మాత్రము ఇంతవఱకు కనబడలేదు. మందు ఒక్క బాణము; పశువు దేహము పలుబాణముల అమ్ములపొది. అందుచేత నేమో.

మఱి మన ఒంగోలు సంగతి? బ్రెజిల్ దేశములో ఈ జాతిని నెలోర్ అందురు. పూర్వము ఒంగోలు నెల్లూరు జిల్లాలో చేరియుండుటచేత మన పశువులు ఆ పేరుతోనే ఓడలెక్కెను. 1878లో లెంగ్రూబర్ అను బ్రెజిల్ భూస్వామి జర్మనీలోని హాంబర్గు జంతుప్రదర్శనశాలనుండి కొన్నింటిని కొనిపోయెను. 1960ల తొలినాళ్లలో కడపటి పెద్ద దిగుమతి జరిగెను. నేడు బ్రెజిల్ మందలలో 20 కోట్లకు పైగా పశువులు కలవు. వానిలో అధికభాగము మూపురపు జాతులవి, వానిలో నెలోర్ అగ్రస్థానమున నున్నది. ఎండను ఓర్చుట, గడ్డిమేతతో బ్రతుకుట, పిడుదును తట్టుకొనుట అను ఈ మూడు గుణములే దానికి ఆ పట్టము కట్టెను.

ఆ గుణములను కూర్చినవారు ఎవరు? ఒక పరిశోధనశాల కాదు. గుండ్లకమ్మ పాలేఱుల నడిమి రైతులు. పెద్దలు పోయినప్పుడు మేలైన కోడెను ఎంచి, అచ్చువేసి, దేవునిపేర విడిచెడివారు. ఊరివారందఱును దానిని తమ చేలలో మేయనిచ్చిరి. కన్నుల కింపుగాని కోడెను విడుచుట పాపమని తలచిరి. ధర్మబుద్ధియే అక్కడ పశుశాస్త్రమై పనిచేసెను.

ఇప్పుడు మన స్థితి చూడుడు. పాలకొఱకు జెర్సీ, హోల్‌స్టీన్ సంకరములను పెంచుచున్నాము. అది తప్పని నేననను. పాలు కుటుంబమునకు ఆధారము. కాని 2012 గణనతో పోల్చినచో 2019 గణనలో మన దేశమున విదేశ, సంకరజాతి పశువులు సుమారు 27 వంతులు నూటికి హెచ్చెను. దేశీయ పశువులు నూటికి 6 వంతులు తగ్గెను. పిడుదులు మోయు థైలీరియా జ్వరము దేశీయ పశువునకు సామాన్యముగా తేలికగా పోవును. సంకరపశువునకు మెడబిళ్లలు వాచి, జ్వరము ముదిరి, ప్రాణము మీదికి వచ్చును. పాలకుండ హెచ్చెను గాని తోలులోని విద్య తగ్గెను. ఈ లెక్కలో రెండవ పద్దును వ్రాసికొనకుండుటయే మన లోపము.

కావున పెద్దలకు నా విన్నపము నాలుగు మాటలు. సంకరపశువులున్నవారు పశువైద్యుని అడిగి థైలీరియా టీకా వేయింపుడు. పిడుదుమందును ఆయన చెప్పిన మోతాదున, చెప్పిన కాలమున వాడుడు. తోచినట్లు వాడినచో మందు చెడి పిడుదు మిగులును. ఏ పశువునకైనను ఈనిన దినములలోను వేసవిలోను మేత తగ్గనీయకుడు. మందలో ఎక్కువ పిడుదులు కొన్ని పశువుల మీదనే యుండును. వానిని గుఱుతుపట్టి వాని కోడెలను విత్తనమునకు ఉంచకుడు. ఆబోతును గాని, సూదితో కట్టించు వీర్యమును గాని ఎన్నుకొనునప్పుడు తల్లి ఎన్ని పాలిచ్చినదని మాత్రమే గాక, ఆ వంశమునకు పిడుదులు పట్టునా యని కూడ అడుగుడు. గుంటూరు సమీపమున లాం క్షేత్రమునందు ఒంగోలు జాతిని కాపాడుచున్నారు. అట్టి చోట్లకు పోయి చూచి రండు.

జాతి యనునది ఏట్లో నీరు వంటిది కాదు, పోయినను మరల వాన కురిసి నిండుటకు. అది తరతరముల కాట్లు తిని, చచ్చినవి చావగా మిగిలినవి కూర్చిన మూలధనము. దూరదేశములవారు దానిని ఓడలలో కొనిపోయి, లెక్కపెట్టి, విలువ కట్టిరి. మన కొట్టములో నున్న దానిని మనము చేయివైచి తడవి చూచినను చాలును. ఏ ఆవు మేన పిడుదు నిలువదో ఆ ఆవు దూడను అమ్మకుండ ఉంచుకొనుడు.

స్వస్తి.